పనిముట్ల పెట్టెకు చక్రాలు



కిందటి నెల ఉలికి పదును పెట్టే విధం చెప్పుకున్నాము. ఈ నెల ఆ ఉలిని, దాని తోటి పనిముట్లను దాచుకునే పెట్టె సంగతి చూద్దాము. ఈ విషయం నేను ఎంచుకున్నది కాదు. ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసి అడిగింది.

"మా నాన్నగారు పెరటి గదిలో కుర్చీలు, బల్లలు బాగుచేస్తారు. వాకిట్లో స్కూటరు కూడా తామే విప్పి బిగిస్తారు. పనిముట్లన్నీ ఒక గోనెసంచిలో ఉంటాయి. ఈ పండుగకు సొరుగులున్న చక్రాల పెట్టె ఒకటి కొందామంటున్నారు. అంగట్లో ఎర్రవి, నీలివి, నల్లవి ఎన్నో ఉన్నాయి. ఏది మంచిదో తెలుసుకోవడం ఎట్లా? మా తమ్ముడికి ఆరేళ్ళు. ఇంట్లో వాడు ఎక్కని వస్తువు లేదు."

మంచి ప్రశ్న. అందులోనూ ఆ చివరి మాట అన్నిటికంటె ముఖ్యమైనది. ఎందుకో పోను పోను మీకే తెలుస్తుంది.

పనివాడికి పెట్టె కావాలనే ఆలోచన ఇప్పటిది కాదు. స్వీడన్ దేశంలో గాట్లండ్ అనే ద్వీపం ఉన్నది. అక్కడ మేస్టర్‌మిర్ అనే చోట, ఒకప్పుడు చిత్తడినేలగా ఉన్న పొలాన్ని 1936లో దున్నుతూ ఉంటే నాగలికి ఏదో అడ్డం తగిలింది. తవ్వి చూస్తే ఓక్ కర్రతో చేసిన పెట్టె! పొడవు మూడడుగులకు దగ్గర. అందులోనూ, దాని చుట్టుపక్కలా కలిపి దొరికిన వస్తువులు సుమారు 200. సుత్తులు, పట్టకార్లు, గొడ్డళ్ళు, ఆకురాళ్ళు, ఇంకా ఎన్నో. అది వైకింగుల కాలం నాటిది. అంటే దరిదాపు వెయ్యి సంవత్సరాల కిందటిదన్నమాట. ఆ పెట్టెకు చక్రాలు లేవు. పనివాడు పెట్టెను మోసుకొని పని ఉన్న చోటికి పోయేవాడు. మోటారు బళ్ళు వచ్చిన తరువాత సంగతి మారింది. బండి ఒకచోట నిలిచి ఉంటుంది. దాన్ని బాగుచేసేవాడు ముందుకూ, వెనక్కూ, కిందికీ తిరగాలి. వందకు పైగా పనిముట్లు అతని వెంట తిరగాలి. మోయడం సాధ్యమా? కనుక పెట్టెకు చక్రాలు వచ్చాయి.

దీన్నిబట్టి మొదటి సూత్రం తెలుస్తున్నది. పని నాలుగు చోట్ల జరిగితేనే చక్రాల పెట్టె అవసరం. పని ఎప్పుడూ ఒక బల్ల దగ్గరే అయితే, పనిముట్లు పది పదిహేనే అయితే, గోడకు తగిలించిన ఒక చెక్కపలక చాలు. ఆ డబ్బుతో మంచి రంపమో, మంచి స్పానర్ల జతో కొనుక్కోవచ్చు. ఉత్తరం రాసిన అమ్మాయి ఇంట్లో పని పెరటి గదిలోనూ, వాకిట్లోనూ జరుగుతున్నది. అందుచేత చక్రాల పెట్టె కోరడం సబబే.

సరే, కొనాలి. రంగు చూసి కొనరాదు. పెట్టెను చూడబోయే ముందు ఇంట్లో మూడు పనులు చెయ్యాలి.

మొదటిది, పనిముట్లన్నిటినీ ఒక దుప్పటి మీద పరచండి. ఒకే రకానివి ఒకచోట చేర్చండి. స్పానర్లు ఒక వరుస, స్క్రూడ్రైవర్లు ఒక వరుస, ఉలులు ఒక వరుస, సుత్తులు ఒక వరుస. ఒక్కొక్క వరుస ఎంత పొడవు, ఎంత వెడల్పు ఆక్రమించిందో టేపుతో కొలిచి కాగితం మీద రాయండి. అన్నిటికంటె పొడుగైన పనిముట్టు ఏదో కూడా రాయండి. అది సొరుగులో పట్టకపోతే ఎప్పటికీ పెట్టె మీదే పడి ఉంటుంది.

రెండవది, ఒక్కొక్క వరుసను తూచండి. ఇనుము బరువైనది. పది లీటర్ల బకెట్టెడు నీళ్ళు 10 కిలోలు తూగితే, అంతే చోటు నిండా ఉక్కు పోస్తే 78 కిలోలు తూగుతుంది. పనిముట్ల మధ్య ఖాళీ ఉంటుంది కనుక అంత రాదు గాని, చిన్న సొరుగు కూడా మీరు అనుకున్న దానికంటె బరువే ఉంటుంది.

మూడవది, నేలను చూడండి. పెట్టె పోయే దారి అంతా నడిచి, గడపలు ఎంత ఎత్తో, గుమ్మాలు ఎంత వెడల్పో, బండల సందులు ఎంత లోతో కొలవండి. షాబాదు బండలు పరచిన ఇళ్ళల్లో ఒక బండకూ మరొక బండకూ ఎత్తులో కొంచెం తేడా ఉంటుంది. కాలికి తెలియని ఆ తేడా చక్రానికి బాగా తెలుస్తుంది.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాము. మన పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు, సొరుగులు కాకుండా, 40 కిలోలు అనుకోండి. సొరుగులు 5. ఒక్కొక్క సొరుగు, అందులోని సామాను కలిపి 12 కిలోలు. అంటే సొరుగులన్నీ 60 కిలోలు. మొత్తం 100 కిలోలు. పెట్టెకు చక్రాలు 4. ముందుగా పోయే రెండు చక్రాల మీద సగం, అంటే 50 కిలోల బరువు ఉంటుంది. వాటికి అర సెంటీమీటరు ఎత్తున్న బండ అంచు అడ్డం వచ్చింది. చక్రం అడ్డుకొలత 5 సెంటీమీటర్లయితే, ఆ అంచు ఎక్కించడానికి సుమారు 37 కిలోల బరువుకు సమానమైన తోపు కావాలి. అదే చక్రం 12 సెంటీమీటర్లన్నర అయితే సుమారు 21 కిలోల తోపు చాలు. బరువు అదే, అంచు అదే. చక్రం పెద్దది కావడమే తేడా!

ఇంకొక వింత చూడండి. అడ్డం వచ్చిన గట్టు ఎత్తు చక్రంలో సగానికి, అంటే వ్యాసార్ధానికి సమానమైతే, నేలబారుగా ఎంత బలంగా తోసినా చక్రం దాని మీదికి ఎక్కదు. 5 సెంటీమీటర్ల చక్రాన్ని రెండున్నర సెంటీమీటర్ల గడప ఆపేస్తుంది. భీముడు వచ్చి తోసినా అంతే. కావాలంటే పెట్టెను ఎత్తాలి, లేదా గడపకు రెండు వైపులా ఏటవాలు చెక్క వెయ్యాలి.

చక్రాల విషయంలో మరి మూడు మాటలు. నాలుగు చక్రాలూ అన్ని వైపులకూ తిరిగితే పెట్టె మన మాట వినదు, పక్కకు లాక్కుపోతుంది. రెండు నిలకడగా ఉండి, రెండు తిరిగేవి అయితే నడపడం సులువు. తిరిగే చక్రాలకు కాలితో నొక్కే బ్రేకులు ఉండి తీరాలి. మన వసారాలు నీళ్ళు పారడానికి వాలుగా కట్టినవి అన్న సంగతి మరువకండి. ఇక మూడవ మాట. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనవు. ఒకటి గాలిలో తేలుతుంది. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా కదలక నిలుస్తుంది, నాలుగు కాళ్ళ కుర్చీ టకటకలాడుతుంది. ఎందుకో ఆలోచించండి. కనుక మొత్తం బరువును 4 చేత గాక 3 చేత భాగించాలి. 100 కిలోల పెట్టెకు ఒక్కొక్క చక్రం 34 కిలోలకు తక్కువ కాకుండా మోయగలగాలి. ముందు ముందు పనిముట్లు పెరుగుతాయి కనుక 50 కిలోలు మోసేది చూసుకుంటే నిశ్చింత.

ఇక సొరుగులు. లోతైన సొరుగు చూడగానే "చాలా సామాను పడుతుంది" అనిపిస్తుంది. అందులో సామాను ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నది ఎప్పుడూ కనిపించదు. అది సొరుగు కాదు, గోనెసంచికి చెల్లెలు! పైన లోతు తక్కువ సొరుగులు ఎక్కువ ఉండాలి. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు వాటిలో ఒక్క వరుసగా పడుకోవాలి. అడుగున ఒకటి రెండు లోతైనవి ఉంటే పెద్ద సుత్తికీ, డ్రిల్లు మిషనుకూ సరిపోతాయి. డ్రిల్లు మిషను బ్యాటరీని మాత్రం మేకులు, స్క్రూలు ఉన్న సొరుగులో విడిగా పడవెయ్యరాదు. ఇనుప ముక్క దాని రెండు కొసలకూ అడ్డం పడితే కరెంటు ఒక్కసారిగా పారి, బ్యాటరీ వేడెక్కి, నిప్పంటుకోవచ్చు.

సొరుగు జారడానికి రెండు పక్కలా ఉండే పట్టాలను అంగట్లో చానళ్ళు అంటారు. వాటిలో చిన్న చిన్న ఉక్కు గుండ్లు ఉంటే సొరుగు బరువుగా ఉన్నా తేలికగా వస్తుంది. ఒరుసుకొనేదాన్ని దొర్లేదిగా మార్చడమే ఇందులోని కిటుకు. బండి ఇరుసుకు ఇట్లాంటి గుండ్లు అమర్చే పద్ధతికి 1794లో ఫిలిప్ వాన్ అనే ఇనుప కార్ఖానా యజమాని బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. ఇప్పుడవి సైకిలు చక్రంలోనూ ఉన్నాయి, ఫ్యానులోనూ ఉన్నాయి. అంగట్లో పెట్టె చూసేటప్పుడు సొరుగును పూర్తిగా లాగి, రెండు పక్కలకూ మెల్లగా కదిపి చూడండి. గలగలలాడితే అది మంచిది కాదు. సొరుగు నేల మీద, నడిమధ్యన, అరచేతితో నొక్కండి. "టక్" మని లోపలికి పోయి, చెయ్యి తియ్యగానే "టక్" మని పైకి వస్తే రేకు పలచనిదని తెలుసుకోవాలి. దుకాణదారు గేజి సంఖ్య చెబుతాడు. అందులో ఒక తిరకాసు ఉన్నది. సంఖ్య తగ్గిన కొద్దీ రేకు మందం పెరుగుతుంది. 18 గేజి రేకు మందం ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజిది 0.9 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఆ తమ్ముడి దగ్గరికి వద్దాము.

పుల్లలు తీసేసిన ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు తెచ్చి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించండి. చిన్న సొరుగుల పెట్టె తయారయింది! ఒక్కొక్క సొరుగులో రెండేసి రూపాయి నాణేలు పెట్టండి. ఇప్పుడు పై సొరుగు ఒక్కటి దాదాపు చివరిదాకా లాగండి. పెట్టె నిలబడే ఉంటుంది. తక్కినవి కూడా ఒక్కొక్కటే లాగుతూ పోండి. నాలుగూ బయటికి వచ్చేలోగా పెట్టె ముందుకు బోర్లా పడుతుంది. మీరు దాన్ని తొయ్యలేదు, ఊదలేదు. మరి ఎందుకు పడింది?

తూగుబల్ల ఎక్కినవారికి ఇది తెలుసు. ఎక్కువ బరువున్నవాడు మధ్యకు దగ్గరగా కూర్చుంటే, తక్కువ బరువున్నవాడు దూరంగా కూర్చుని అతన్ని పైకి లేపగలడు. బరువును దూరంతో గుణిస్తే ఎటు ఎక్కువ వస్తే అటు ఒరుగుతుంది. మన పెట్టెకు ముందు చక్రాలే తూగుబల్ల నడుమ దిమ్మ. చక్రాల వెనుక ఉన్న బరువు పెట్టెను నిలబెడుతుంది. ముందుకు వచ్చిన బరువు పడదోస్తుంది.

పలకా బలపం తీసుకోండి. పెట్టె లోతు 45 సెంటీమీటర్లు. ముందు చక్రాలు ముఖానికి 5 సెంటీమీటర్లు లోపలగా ఉన్నాయి. 40 కిలోల పెట్టె బరువు నడిమికి, అంటే చక్రాలకు 17న్నర సెంటీమీటర్లు వెనుకగా ఉంటుంది. 40ని 17న్నరతో గుణిస్తే 700. మూసి ఉన్న ఒక్కొక్క సొరుగు కూడా అంతే దూరంలో ఉంటుంది కనుక దానివల్ల 12 × 17న్నర, అంటే 210 చేరుతుంది. సొరుగును 40 సెంటీమీటర్లు బయటికి లాగితే దాని బరువు చక్రాలకు 22న్నర సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. 12 × 22న్నర, అంటే 270 పడదోసే వైపు చేరుతుంది.

మూడు సొరుగులు తెరిస్తే నిలబెట్టేది 700కు రెండు 210లు కలిపి 1120, పడదోసేది మూడు 270లు కలిపి 810. పెట్టె నిలుస్తుంది. నాలుగవది తెరవండి. నిలబెట్టేది 910, పడదోసేది 1080. నూరు కిలోల ఉక్కు ముందుకు ఒరిగి పడుతుంది!

ఇక ఒక్క సొరుగే తెరచి ఉన్నదనుకోండి. నిలబెట్టేది 1540, పడదోసేది 270. మిగులు 1270. చాలా భద్రంగా ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే తెరచిన సొరుగు ముందు అంచు చక్రాలకు 45 సెంటీమీటర్ల దూరాన ఉన్నది. 1270ని 45 చేత భాగించండి. 28 వస్తుంది. అంటే 28 కిలోలు దాటిన పిల్లవాడు ఆ ఒక్క సొరుగు అంచు మీద ఎక్కినా పెట్టె వాడి మీదికి వస్తుంది. ఆరేళ్ళ తమ్ముడు అంత బరువు ఉండకపోవచ్చు. కాని వాడు సొరుగులను మెట్ల మాదిరిగా రెండు మూడు లాగి ఎక్కుతాడు. మూడు తెరచి ఉన్నప్పుడు మిగులు 310 మాత్రమే. దాన్ని 45 చేత భాగిస్తే 7 కూడా రాదు. ఏడు కిలోల బరువు చాలు. వాడు కాలు పెట్టనక్కరలేదు, చేతులతో వేలాడితే చాలు.

ఇది భయపెట్టడానికి చెప్పిన లెక్క కాదు. అమెరికాలో బట్టలు పెట్టుకునే సొరుగుల బీరువాలు మీద పడి చిన్నపిల్లలు చనిపోవడం అనేకసార్లు జరిగింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు పట్టుబట్టగా 2022 డిసెంబరులో అక్కడ ఒక చట్టం వచ్చింది. 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోల దాకా ఉన్న పిల్లల బరువును దృష్టిలో పెట్టుకొని ఆ బీరువాలను పరీక్షించాలని అందులో ఉన్నది. 2023 సెప్టెంబరు 1 నుంచి ఆ పరీక్ష తప్పనిసరి అయింది. ఆ చట్టం బట్టల బీరువాలకు సంబంధించినది, పనిముట్ల పెట్టెలకు కాదు. కాని బరువూ, దూరమూ పనిచేసే తీరు బట్టలకొకటి, ఇనుముకొకటి ఉండదు గదా!

కనుక పెట్టె ఎంచేటప్పుడు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న ఇదీ: "ఒక సొరుగు తెరచి ఉంటే రెండవది తెరుచుకోకుండా లోపల ఏర్పాటు ఉన్నదా?" కొన్ని పెట్టెలకు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. మాటతో ఊరుకోక చేత్తో లాగి చూడండి. రెండవ ప్రశ్న: "సొరుగులన్నిటికీ కలిపి తాళం ఉన్నదా?" ఉన్నా, తాళంచెవి పెట్టెకే వేలాడుతూ ఉంటే లాభం లేదు. అది నాన్నగారి దగ్గర ఉండాలి. లోపల ఉలులూ, రంపాలూ ఉంటాయని వేరే చెప్పాలా? ఒకచోట నిలిపి ఉంచినప్పుడు పెట్టె వీపును గొలుసుతో గోడ కొక్కేనికి తగిలిస్తే మరీ మంచిది. వాకిట్లోకి తోసుకుపోయేటప్పుడు కొక్కెం విప్పుకోవచ్చు.

బరువైనవి అడుగు సొరుగుల్లో, తేలికైనవి పై సొరుగుల్లో పెట్టాలి. దానివల్ల తోసేటప్పుడు చక్రానికి రాయి అడ్డుపడినా పెట్టె తలకిందులు కాదు. తోసేటప్పుడు సొరుగులన్నీ మూసి, తాళం వేసి, పొడుగు వైపుగా నడపాలి. లాగితే కాలి మీదికి వస్తుంది కనుక తొయ్యడమే మేలు.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవారికి ఒక మాట. ఇనుముకు గాలీ, తేమా రెండూ తగిలితే తుప్పు పడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కనుక తుప్పు మరీ తొందరగా వస్తుంది. పెట్టె రంగు గీసుకుపోయిన చోట వెంటనే రంగు పూయండి. సొరుగు అడుగున రబ్బరు గుడ్డ పరచండి. పని అయ్యాక పనిముట్టును పొడిగుడ్డతో తుడిచి, మిషను నూనె చేతికి అంటీ అంటనట్లు రాసి దాచండి. తడి పనిముట్టును పెట్టెలో పెట్టి మూస్తే ఆ తేమ తక్కిన వాటికీ అంటుకుంటుంది.

పెట్టె వచ్చిన తరువాత చివరి పని మీదే. మందమైన అట్టముక్క మీద ఒక్కొక్క పనిముట్టును ఉంచి, దాని చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ ఆకారం కత్తిరించి సొరుగులో పరచండి. ప్రతి పనిముట్టుకూ దాని ఇల్లు దానికి ఏర్పడుతుంది. సాయంత్రం సొరుగు లాగి చూస్తే ఖాళీ గుంటే "సుత్తి రాలేదు" అని చెబుతుంది. అమెరికాలో హెన్రీ స్టడ్లీ అనే పియానోలు చేసే పనివాడు (1838–1925) గోడకు తగిలించే ఒక్క పెట్టెలో దాదాపు 300 పనిముట్లు ఇట్లాగే ఇమిడ్చాడు. ప్రతిదానికీ ఒక చోటు, ప్రతిదీ దాని చోట్లో. ఇప్పటికీ వడ్రంగులు ఆ పెట్టె బొమ్మ చూసి ముచ్చట పడుతూ ఉంటారు.

కాబట్టి అమ్మాయీ, నాన్నగారితో అంగడికి వెళ్ళేటప్పుడు మూడు కాగితాలు తీసుకువెళ్ళు. ఒకదాని మీద పనిముట్ల కొలతలు, ఒకదాని మీద బరువులు, ఒకదాని మీద గడపల ఎత్తులు. ఆ మూడిటికీ సరిపోయి, ఒక సొరుగు తెరిస్తే రెండవది తెరుచుకోని పెట్టె ఏదో అదే మీ పెట్టె. అది ఏ రంగుదైనా సరే. రంగు ఎంచే పని తమ్ముడికి ఇవ్వు. సొరుగులు ఎందుకు ఎక్కకూడదో అగ్గిపెట్టెలతో వాడికి చూపించు. చెబితే వినని పిల్లలు చూస్తే వింటారు.

తక్కినవారికి ఈ నెల లెక్క: మనం చెప్పుకున్న పెట్టెకే రెండు సొరుగులు తెరచి ఉన్నాయి. ఒక సొరుగు ముందు అంచు మీద ఎంత బరువు పడితే పెట్టె ఒరుగుతుంది? పదిహేడున్నర కిలోలకు కొంచెం పైన వస్తే మీ లెక్క సరియైనది. రాకపోతే బలపం మళ్ళీ పట్టుకోండి.